ఆపి, ఆపుతూ

మా అన్నయ్యను ఎవరైనా పొగిడితే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని కాదు. చెప్పేదంతా నిజమే. అమ్మానాన్నలు పోయేనాటికి నాకు పదేళ్ళు, తనకు పదిహేడు. నాకు జడలు వేసింది తను, లెక్కలు చెప్పింది తను, జ్వరమొస్తే సెలవు పెట్టి మంచం పక్కన కూర్చున్నదీ తనే. తన చదువు మానేశాడు గానీ నా చదువు మాననివ్వలేదు. ఇదంతా నాకు తెలుసు, ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. తెలిసే రాస్తున్నాను.

తను అట్టపెట్టెల ఫ్యాక్టరీలో గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకునే గుమాస్తాగా చేరాడు. ఫ్యాక్టరీ స్పానిష్ వాళ్ళది. మిషన్లు వాళ్ళవి, మిషన్ల మీద అంటించిన హెచ్చరికలు వాళ్ళ భాషలోవి, పైఅంతస్తులో కూర్చునే నలుగురు ఆఫీసర్లూ వాళ్ళే. కింద పనిచేసే మూడు వందల మందికి ఆ భాషలో ఒక్క ముక్క రాదు. సైగలతోనే పని నడిచేది. అన్నయ్య చెత్తలో పారేసిన మిషన్ పుస్తకాలు ఏరుకొచ్చి, అట్టలు ఊడిన ఒక నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని, గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే ఆ భాష నేర్చుకున్నాడు. నాలుగేళ్ళు పట్టింది. నేర్పినవాడు లేడు, ఇది తప్పురా అని చెప్పినవాడూ లేడు.

ఒకరోజు పైనుంచి దిగివచ్చిన ఆఫీసరు ఒక లారీ డ్రైవరుతో గొడవపడుతుంటే, మధ్యలోకి వెళ్ళి ఇద్దరికీ సర్దిచెప్పాడు. ఆ ఆఫీసరు నోరు వెళ్ళబెట్టాడట. నెల తిరక్కుండా పైఅంతస్తులో అన్నయ్యకు ఒక అద్దాల గది, గిర్రున తిరిగే కుర్చీ, తలుపు మీద ‘దుబాసీ’ అని బోర్డు వచ్చాయి. ఆ రోజు ఇంటికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా, ఆ కుర్చీ ఎలా తిరుగుతుందో మా చెక్క కుర్చీలో కూర్చుని చూపించబోయి కిందపడ్డాడు. ఇద్దరం కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. అంత నవ్వు మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

కిందివాళ్ళు తనకు ‘ఏందో మాస్టారు’ అని పేరు పెట్టారు. దానికీ ఒక కథ ఉంది. స్పానిష్‌లో క్రియ చివర ‘ఆందో’ అనో ‘యెందో’ అనో ఒక తోక తగిలిస్తారు. అన్నయ్యకు ఆ తోకంటే ప్రాణం. సెలవు చీటీ రాయించుకోవడానికి వచ్చినవాడికి కూడా పాఠం మొదలుపెట్టేవాడు. “నిద్రపోవడానికి దోర్మిర్. కానీ తోక తగిలిస్తే దోర్మియెందో అనకూడదు, దుర్మియెందో అనాలి. చావడానికి మోరిర్. తోక తగిలిస్తే మురియెందో.” అవతలివాడు బుర్ర గోక్కుని, “మనం మురిసిపోతే వాళ్ళు చచ్చిపోతారన్నమాట. ఆందో, యెందో, మీ గొడవేందో మాస్టారూ, నాకు రెండ్రోజులు సెలవు కావాలి” అనేవాడు. అలా స్థిరపడింది ఆ పేరు. వెనక నవ్వుకున్నా ముందు అందరూ చేతులు కట్టుకునే నిలబడేవాళ్ళు. కింది మనిషి మాట పైకి పోవాలన్నా, పై మాట కిందికి రావాలన్నా తన నోటి మీదుగానే కదా.

మెల్లగా అది తలకెక్కింది. కూరగాయల దుకాణంలో బోర్డు మీద అక్షరం తప్పుంటే బేరం ఆపి అది దిద్దించేవాడు. ఒక సంబంధం కుదిరేలా ఉంటే, పెళ్ళికూతురు మాట్లాడిన మొదటి వాక్యంలోనే తప్పు పట్టాడు. రెండో వాక్యం ఆవిడ మాట్లాడలేదు. ఎదుటివాడి తప్పు దిద్దడంలో ఎంత హాయి పడేవాడో, తన తప్పు ఒకరు చెబితే అంత గిలగిల్లాడేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందంటే రెండ్రోజులు మాట్లాడేవాడు కాదు.

తోక గురించి తనకో సిద్ధాంతం ఉండేది. నాకు కూడా వందసార్లు చెప్పాడు. “చూడు చెల్లీ, మనం ‘లేచి, ముఖం కడుక్కుని, బట్టలు వేసుకుని, వచ్చాను’ అని దండలా గుచ్చుతామా. ఆ దండకి వాళ్ళ దారం ఆందో. ‘చేసి’ అన్నా అదే, ‘చేస్తూ’ అన్నా అదే. మనకి రెండు, వాళ్ళకి ఒకటే. ఈ రహస్యం కనిపెట్టడానికి నాకు ఏడాది పట్టింది.” నేను తలూపేదాన్ని. నాకేం తెలుసు? కర్టెన్లు కుట్టే షాపులో పనిచేసేదాన్ని. తను చెప్పాడంటే అంతే అనుకున్నాను.

మా ఆయన్ని ఫ్యాక్టరీలో పెట్టించిందీ, ఆయనకు నన్నిచ్చి పెళ్ళి చేసిందీ అన్నయ్యే. మా ఆయన నెమ్మదస్తుడు. ఇంట్లో ఫ్యాను రెక్కలు తుడవాలన్నా మెయిన్ స్విచ్ ఆపి వచ్చి స్టూలెక్కే రకం. “మీరు తుడిచేలోపు మళ్ళీ దుమ్ము పడుతుంది” అని నేను దెప్పేదాన్ని. ఫ్యాక్టరీలో తను నడిపేది పెద్ద అట్టల్ని పెట్టెల ఆకారానికి కోసే మిషను. పైనుంచి కత్తుల చట్రం దిగుతుంది, అట్ట మీద నొక్కుతుంది, లేస్తుంది. అప్పుడప్పుడు అట్ట ఇరుక్కుంటుంది. ఎర్ర బటన్ నొక్కాలి, మిషను ఆగాలి, అప్పుడు చెయ్యి పెట్టి లాగాలి. తొమ్మిదేళ్ళు అలాగే చేశాడు.

ఒక బుధవారం పొద్దున పదకొండు గంటలకు ఆ చట్రం ఆయన కుడిచేతి మీద దిగింది. మూడు వేళ్ళు పోయాయి.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి అన్నయ్య అక్కడే ఉన్నాడు, పక్కన సూపర్‌వైజరు. ఈ రోజే వాంగ్మూలం తీసుకోవాలని పైవాళ్ళు చెప్పారట. మందుల మత్తులో, నొప్పిలో, మా ఆయన నోట ముక్కలు ముక్కలుగా వచ్చింది మాట. “అట్ట ఇరుక్కుంది బావా. మిషన్ ఆపి చెయ్యి పెట్టా. చట్రం దిగిపోయింది.” అంతే. అన్నయ్య కళ్ళు తుడుచుకుంటూ తెలుగులో రాశాడు, ‘అట్ట ఇరుక్కుంటే మిషన్ ఆపి లోపల చెయ్యి పెట్టాను. చట్రం దిగింది’ అని. రెండుసార్లు పైకి చదివి వినిపించాడు. మా ఆయన ఎడమచేత్తో సంతకమని ఒక గీత గీశాడు. ఆపి అన్న మాట నేను నా రెండు చెవులతో విన్నాను. నేను ఆయన తల పట్టుకునే ఉన్నాను.

ఆ సాయంత్రమే అన్నయ్య దాన్ని స్పానిష్‌లోకి మార్చి పైన ఇచ్చాడు.

పది రోజులకు విచారణ. పైఅంతస్తులో అద్దాల తలుపు వెనక ముగ్గురు ఆఫీసర్లు, సూపర్‌వైజరు, మా ఆయన, మధ్యలో అన్నయ్య. నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. పెదాలు కదలడం కనబడేది, మాట వినబడేది కాదు. పెద్ద ఆఫీసరు కాగితం చూస్తూ ఏదో అడిగాడు. అన్నయ్య గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి ఏదో అన్నాడు. మా ఆయన తలూపాడు. పావుగంటలో అయిపోయింది. బయటికొచ్చేసరికి అన్నయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. బావ చెయ్యి చూసి తట్టుకోలేకపోతున్నాడు పాపం అనుకుని, నేనే భుజం మీద చెయ్యి వేశాను.

“ఏమడిగారండీ?” అన్నాను మా ఆయన్ని.

“కాగితంలో రాసింది నిజమేనా అన్నారు. నిజమేనండీ అన్నా. ఇంకేముంది అడగడానికి?”

వారానికి ఉత్తరం వచ్చింది. మిషన్ పూర్తిగా ఆగకముందే చెయ్యి పెట్టడం వల్ల ప్రమాదం జరిగింది, తప్పు పూర్తిగా కార్మికుడిది, మిషన్ బాగానే ఉంది, ఇకపై అతనికి ఫ్యాక్టరీలో ఏ పనీ ఇవ్వబడదు. మా ఆయన కట్టుకట్టిన చేత్తోనే సూపర్‌వైజరు దగ్గరికి పరుగెత్తాడు. “ఆగకముందు పెట్టానని నేనెప్పుడన్నానండీ?” అంటే, “నువ్వే ఒప్పుకున్నావటయ్యా. సంతకం నీదేగా” అన్నాడట. అక్కడితో వాళ్ళు చేతులు దులుపుకున్నారు. దులుపుకోవడమే కాదు, నెల తిరక్కుండా ప్రతి మిషన్ పక్కనా ఒక కాగితం అంటించారు: ‘మిషన్ ఆగకముందే చెయ్యి పెట్టి మన కార్మికుడొకరు వేళ్ళు పోగొట్టుకున్నారు. మీరలా చేయకండి.’ దాన్ని తెలుగులో రాసింది ఎవరో వేరే చెప్పాలా? ఒక్క అక్షరం తప్పు లేదు దాంట్లో.

నేను అన్నయ్యను నిలదీశాను. “ఆ స్పానిష్ కాగితంలో ఏముందో నాకు చదివి చెప్పు.”

“బావ చెప్పిందే ఉంది.”

“ఉంటే ఇలా ఎందుకు తేల్చారు?”

“అది వాళ్ళ నిర్ణయం. అవన్నీ నీకర్థం కావులే అమ్మా.”

ఆ ‘నీకర్థం కావులే’ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ స్పానిష్ కాగితం నకలు ఉత్తరంతో పాటు మాకు వచ్చింది. బీరువాలో చీరల కింద పెట్టాను. ఇంటి సంగతి పరాయివాళ్ళ ముందు పెట్టి ‘ఇది చదివి పెట్టండి’ అని అడగబుద్ధి కాలేదు. మా అన్నయ్య రాసిన దాన్ని ఇంకొకరితో చూపించుకోవడమంటే తన మీద అనుమానపడినట్టే కదా, అదీ ఒక బెరుకు. నేనే చదువుతాను అనుకున్నాను. గేటు గుమాస్తా నేర్చుకోగా లేంది నేను నేర్చుకోలేనా? ఏడాది పైన అనుకుంటూనే గడిపి, చివరికి సైకిళ్ళ షాపు మీద మేడ గదిలో శనివారం మధ్యాహ్నాలు జరిగే స్పానిష్ క్లాసులో చేరాను. మా ఆయనకు షాపులో ఎక్కువ పని అని చెప్పాను.

ఈలోపు ఇంట్లో వేరేది జరుగుతూ వచ్చింది. నేనది చూస్తూనే ఉన్నాను, ఆపలేకపోయాను. మొదట్లో ఎవరడిగినా మా ఆయన, “ఆపి పెట్టానండీ, ఆగిన మిషనే దిగింది” అని గట్టిగా చెప్పేవాడు. వినేవాళ్ళు ముఖాలు చూసుకునేవాళ్ళు. మూడు నెలలకు, “ఆపాననే అనుకున్నా” అనడం మొదలుపెట్టాడు. మంచం మీద కూర్చుని లేని వేళ్ళతో గాలిలో బటన్ నొక్కి చూసుకునేవాడు, మళ్ళీ చెయ్యి ముందుకు చాచేవాడు. నొక్కేవాడు, చాచేవాడు. “బటన్ నొక్కిన గుర్తుంది. చట్రం ఆగినట్టు చూసిన గుర్తు రావట్లేదే” అన్నాడొకసారి. ఏడాదికి ఒక సూపర్‌మార్కెట్ బయట బండ్లకు టోకెన్లిచ్చే పనిలో కుదిరాడు. అక్కడ ఎవరైనా చెయ్యి చూసి అడిగితే, “నా తొందరేనండీ” అనేవాడు. జీవితంలో దేనికీ తొందరపడని మనిషి!

అన్నయ్య మాత్రం ప్రతి ఆదివారం పళ్ళ సంచితో వచ్చేవాడు. పళ్ళు తనే కోసి, ముక్కలు బావ ఎడమచేతికి అందించేవాడు. మా ఆయన పొంగిపోయేవాడు. “మీ అన్నయ్యలాంటి మనిషి ఉండడే” అనేవాడు.

క్లాసులో చెప్పేది ఒక పొడుగాటి ముసలావిడ, మా భాషా ఆ భాషా రెండూ గడగడా మాట్లాడేది. ఎనిమిదో నెలలో తోకల పాఠం వచ్చింది. ఇది నాకు ముందే తెలుసు కదా అని మనసులో కాస్త గర్వపడ్డాను కూడా. దుర్మియెందో, మురియెందో గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. టీచరు మెచ్చుకుంది. తర్వాత, ‘నేను స్నానం చేసి భోజనం చేశాను’ అన్నది రాయమంది. అన్నయ్య దండ, అన్నయ్య దారం. ‘బన్యాందొమె, కొమీ’ అని రాసి చూపించాను.

టీచరు కళ్ళద్దాలు పైకి తోసుకుని నవ్వింది. “స్నానం చేస్తూ భోజనం చేశావా అమ్మా? కంచం బకెట్ మీద పెట్టుకున్నావా?”

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

“మనవాళ్ళందరూ చేసే తప్పే ఇది” అంది ఆవిడ. “బళ్ళో చదువుకున్నారుగా, క్త్వార్థకం, శత్రర్థకం. ‘చేసి’ అంటే ఆ పని అయిపోయింది, ‘చేస్తూ’ అంటే ఇంకా జరుగుతోంది. ఈ ఆందో మన ‘తూ’ లాంటిది. ‘చేసి’ అనడానికి దీన్ని వాడితే రెండు పనులూ ఒకేసారి చేసినట్టు వినబడుతుంది వాళ్ళకి.”

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ కాగితం చదవడానికి వీలుగా సంచిలోనే పెట్టుకు తిరుగుతున్నాను ఆ మధ్య. అందరూ వెళ్ళాక తీసి ఆవిడ ముందు పెట్టాను. అందులో రెండో వాక్యం: ‘పరాందో లా మాకినా, మెతీ లా మానో.’ అప్పటికి నాకు అందులోని ప్రతి మాటకూ అర్థం తెలుసు. అయినా ఆవిడ నోట వినాలనిపించింది.

“మిషన్ ఆపుతూ చెయ్యి పెట్టాను” అంది ఆవిడ. “మిషన్ ఇంకా ఆగలేదన్నమాట. అయ్యో, చెయ్యేమైంది?”

“ఆపి పెట్టాను అనాలంటే ఎలా రాయాలండీ?”

“అబియెందో పరాదో అనాలి. అదీ ఎందుకు, హాయిగా రెండు ముక్కలు చేస్తే పోయేది. పరే లా మాకినా, ఇ మెతీ లా మానో. మిషన్ ఆపాను, చెయ్యి పెట్టాను. మొదటి నెల పిల్లలు రాసే వాక్యమిది. ఎవరో తెలివి చూపించబోయారు.”

మెట్లు దిగి కిందికొచ్చి, సైకిళ్ళ షాపు ముందు చాలాసేపు నిలబడ్డాను. కోపం రాలేదు అప్పటికి. గురువు లేకుండా నేర్చుకున్నాడు, పాపం, తెలియక రాశాడు అనుకున్నాను. చెబితే గుండె పగిలిపోతుందే, ఎలా చెప్పాలి అని అన్నయ్య కోసమే బాధపడ్డాను. ఎంత వెర్రిదాన్ని!

మర్నాడు తను మా ఇంటికి బయలుదేరకముందే నేనే తను అద్దెకుంటున్న గదికి వెళ్ళాను. గోడ వెంట నోటుపుస్తకాలు, బల్ల మీద ఒకే పొడవుకి చెక్కిన పెన్సిళ్ళు. తను టీ పెడుతున్నాడు. నేను కాగితం బల్ల మీద పరిచి, ‘పరాందో’ మీద వేలు పెట్టాను. ఒక్క మాట కూడా అనలేదు నేను. తను దాన్ని చూశాడు, స్టవ్ ఆపేశాడు, కూర్చున్నాడు.

“ఎవరు చెప్పారు?” అన్నాడు.

ఏమిటది అనలేదు. ఎందుకొచ్చావు అనలేదు. ఎవరు చెప్పారట!

“నీకు తెలుసు” అన్నాను.

“తెలుసు.”

“ఎప్పటినుంచి?”

తను బల్ల మీది పెన్సిళ్ళు వరసగా సర్దడం మొదలుపెట్టాడు. నేను బల్ల మీద గట్టిగా చరిచాను. పెన్సిళ్ళు కిందికి దొర్లాయి. తను వంగి ఏరబోతుంటే, “వాటి సంగతి తర్వాత, ముందు చెప్పు” అన్నాను.

“విచారణ రోజు” అన్నాడు. “పెద్దాయన అడిగాడు, ‘అయితే మిషన్ ఆగకముందే చెయ్యి పెట్టావన్నమాట, అంతేనా?’ అని. అప్పుడు తెలిసింది, నేను రాసింది వాళ్ళకెలా వినబడుతోందో.”

“ఆ ప్రశ్న ఆయనకి చెప్పావా?”

తను కింద దొర్లిన పెన్సిళ్ళ వైపు చూశాడు.

“ఆయనకేం చెప్పావన్నయ్యా?”

“కాగితంలో రాసింది నిజమేనా అంటున్నారు బావా, అన్నాను.”

“ఆయన నిజమేనన్నారు.”

“అవును.”

“నువ్వు వాళ్ళకి ‘సీ’ అని చెప్పావు. అవునని.”

“చెల్లీ, ఒక్క నిమిషంలో చెప్పేద్దామనుకున్నా. నోటిదాకా వచ్చింది. ముగ్గురు ఆఫీసర్లు, పక్కన ఆ సూపర్‌వైజరు. పదకొండేళ్ళ నుంచి నేను రాసిన ప్రతి కాగితం మీదా వాళ్ళు కళ్ళు మూసుకుని సంతకం పెడుతున్నారు. నాకు ఈ భాష సరిగ్గా రాదని ఎలా చెప్పను? ఇదొకటి తప్పయితే మిగతావన్నీ తీస్తారు. అన్నిట్లో అదే ఉంది. ఎన్ని ‘చేసి’లు ఉన్నాయో అన్నీ ‘చేస్తూ’లే.”

“మా షాపులో అంగుళం తేడా వస్తే కర్టెన్ మొత్తం విప్పి మళ్ళీ కుడతాం” అన్నాను. “కస్టమర్ ముందే విప్పుతాం. సిగ్గుపడం. అక్కడ పోయేది గుడ్డ. నువ్వు ఆయన వేళ్ళు పోయిన చేతికి, తప్పు కూడా కట్టి పంపావు. ఆ పోస్టరు కూడా నువ్వే రాశావు. ఎలా రాయగలిగావు?”

తను ఏడ్చాడు. నాకు జడలు వేసిన మనిషి, రెండు చేతులతో ముఖం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు అసహ్యం వేసింది. దాని వెనకే జాలి వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

“రాయి” అన్నాను తెల్లకాగితం ముందుకు తోసి. “అనువాదంలో తప్పు చేశాను, అసలు మాట ఇది అని రాయి. అబియెందో పరాదో.”

కళ్ళు తుడుచుకుని రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ తలెత్తి, “ముందు హెచ్ ఉంటుంది చెల్లీ, పలక్కూడదు గానీ రాయాలి” అన్నాడు. అలవాటు కొద్దీ వచ్చేసిందా మాట. వెంటనే తల దించుకున్నాడు.

సోమవారం పొద్దున తనే తీసుకెళ్ళి ఇచ్చాడు. నేను కూడా వెళ్ళి అదే బెంచీ మీద కూర్చున్నాను. అది ఒప్పుకోవాలి, ఈసారి మాత్రం ఏదీ దాచలేదు. అప్పటి పెద్ద ఆఫీసరు బదిలీ అయిపోయాడు, ఆ స్థానంలో ఒకావిడ వచ్చింది. గంటసేపు అడిగింది, గంటసేపు చెప్పాడు. బయటికొచ్చి, “ఆఫీసులో నా గది తాళాలు తీసుకున్నారు. పాత కాగితాలన్నీ ఇంకొకరితో చూపిస్తారట. నా ఉద్యోగం అనుమానమే” అన్నాడు. “బావ కేసు మళ్ళీ తెరుస్తారు. మిషన్ ఇంజనీర్లతో పరీక్ష చేయిస్తారు, బావ తప్పు లేదని తేలితే పనిలోకి తీసుకుంటారు, ఆ పోస్టర్లన్నీ పీకేస్తారు. గురువారం కొత్త దుబాసీని పిలిపిస్తున్నారు. బావ వచ్చి, ఆ రోజు ఏం జరిగిందో తన నోటితో మళ్ళీ ఒక్కసారి చెప్పాలి. అంతే.”

అంతే కదా అనుకున్నాను. ఆయన ఆ ఒక్క ముక్క చెబితే చాలు. ‘తప్పు పూర్తిగా కార్మికుడిది’ అన్న మాట మా ఇంటి మీదనుంచి తొలగిపోతుంది.

సాయంత్రం మా ఆయన పనినుంచి వచ్చేసరికి ఇద్దరం ఎదురుచూస్తున్నాం. చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చునేదాకా ఆగాను. తర్వాత ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను, క్లాసు సంగతి, స్నానం భోజనం సంగతి, విచారణలో మార్చేసిన ప్రశ్న, గురువారం సంగతి. ఆసుపత్రిలో రాసిన తెలుగు కాగితం నకలు అన్నయ్య దగ్గర ఉంటే అదీ ముందు పెట్టాను. అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కొట్టినా పడతాను అన్నట్టు. మా ఆయన లేచి కొట్టాలనే నాకూ ఉంది.

ఆయన తెలుగు కాగితం ఎడమచేత్తో పట్టుకుని మెల్లగా చదివాడు.

“అప్పుడు మత్తులో ఉన్నాను కదే” అన్నాడు.

“మత్తేంటండీ? నేను పక్కనే ఉన్నాను. ఆపి అన్నారు. నా చెవులతో విన్నాను.”

“అనే ఉంటా. ఎవరైనా అలాగే అంటారు. తప్పు నాదని ఎవరు చెప్పుకుంటారు?” అని, అన్నయ్య వైపు తిరిగాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. “నాకోసం ఉద్యోగం పోగొట్టుకుని, లేని తప్పు నెత్తిన వేసుకుని, అబద్ధం రాసిచ్చారా బావా? ఇదేం పని? మీ చెల్లెలు ఏడ్చి ఉంటుంది, మీరు కాదనలేకపోయి ఉంటారు. రేపే వెళ్ళి వెనక్కి తీసుకోండి.”

“అబద్ధం కాదు బావా” అన్నాడు అన్నయ్య. “నేనే తప్పు రాశా. నీకు అప్పుడు ప్రశ్న కూడా సరిగ్గా చెప్పలేదు. నువ్వు ఆపావు. ఆపే పెట్టావు.”

“మీరు చూశారా?”

ఆ రోజు మిషన్ దగ్గర ఇంకెవరూ లేరు.

“నేను చూస్తున్నానుగా” అన్నాడు మా ఆయన. “రెండేళ్ళనుంచి కళ్ళు మూసుకున్నప్పుడల్లా అదే కనబడుతోంది. చట్రం ఇంకా కదులుతూనే ఉంది. నేను ఆపుతూనే చెయ్యి పెట్టేశా.”

నేను బతిమాలాను, తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. మా ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. గురువారం కొత్త దుబాసీ ముందు కూడా అదే చెప్పి వచ్చాడు.